రైఫిల్ ట్రిగ్గర్ గట్టిగా ఉందా? ఇంట్లో చేసుకోదగ్గవేంటి.. అస్సలు ముట్టుకోకూడనివేంటి?

యూట్యూబ్‌లో, రీల్స్‌లో ఇలాంటి వీడియోలు బోలెడు కనిపిస్తాయి. కిచెన్ టేబుల్ మీద రైఫిల్, పక్కన ఒక స్క్రూడ్రైవర్, చిన్న సాన రాయి. "పది నిమిషాల్లో మీ ట్రిగ్గర్ వెన్నలా మారిపోతుంది" అని క్యాప్షన్. వాటిలో ఎక్కువ భాగం అమెరికావి. అక్కడ సొంత తుపాకీకి చిన్నచిన్న మార్పులు చేసుకోవడం మామూలు హాబీ. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో స్థిరపడి, వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లే మనవాళ్లకూ ఈ వీడియోలు ఫీడ్‌లో వస్తూనే ఉంటాయి.

కంపెనీ నుంచి వచ్చిన ట్రిగ్గర్‌ను మెరుగుపరచుకోవడం సాధ్యమే. దానికి కొన్ని సేఫ్ పద్ధతులు ఉన్నాయి. కానీ వీడియోల్లో ఎక్కువగా చూపించే పని, అంటే లోపలి ఇనుప ముక్కల్ని రాయితో రుద్దడం, వాటిలో లేదు. ట్రిగ్గర్‌ను గట్టిగా చేసేది, తుపాకీ తనంతట తాను పేలకుండా ఆపేది.. రెండూ ఒకే చోట ఉంటాయి. ఆ చోటు ఎంత చిన్నదో తెలిస్తే దేన్ని ముట్టుకోవాలో, దేన్ని వదిలేయాలో ఎవరికైనా అర్థమైపోతుంది. ఆ వివరాలు చూద్దాం.

ట్రిగ్గర్ లోపల ఏం జరుగుతుంది?

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. బోల్ట్ వెనక్కి లాగి ముందుకు తోయగానే లోపల ఉన్న ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ఆ పిన్ ముందుకు దూకకుండా ఒక చిన్న ఇనుప ముక్క అడ్డుగా నిలబడుతుంది. దాని పేరు సియర్. ఆ సియర్ కింద పడిపోకుండా ట్రిగ్గర్ పైభాగం ఒక మెట్టులా దానికి ఆసరా ఇస్తుంది.

వేలితో ట్రిగ్గర్ లాగితే ఆ మెట్టు పక్కకు జరుగుతుంది. సియర్ కిందకు దిగుతుంది. పిన్ ముందుకు దూకి తూటా వెనక భాగాన్ని కొడుతుంది. ఇదంతా జరగడానికి పట్టేది కొన్ని మిల్లీసెకన్లే.

సియర్, ట్రిగ్గర్ ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉండే ఆ మెట్టు వెడల్పు చాలా రైఫిళ్లలో సుమారు అర మిల్లీమీటరు. అంటే నాలుగైదు కాగితాలు కలిపి పట్టుకుంటే ఎంత మందం ఉంటుందో దాదాపు అంతే. బిగుసుకున్న స్ప్రింగ్‌కీ, తూటాకీ మధ్య ఆధారం ఆ అర మిల్లీమీటరే.

'ఫీల్ బాలేదు' అంటే ఏంటి?

షూటర్లు ట్రిగ్గర్ గురించి మాట్లాడేటప్పుడు కొన్ని మాటలు తరచూ వాడతారు. అవి తెలిస్తే అసలు సమస్య ఎక్కడుందో చెప్పడం తేలిక.

పుల్ వెయిట్: ట్రిగ్గర్ విడుదల కావడానికి వేలు ఎంత బలం పెట్టాలన్నది. అమెరికాలో పౌండ్లలో, పోటీల్లో గ్రాముల్లో చెప్తారు. 1 పౌండ్ అంటే సుమారు 454 గ్రాములు.

క్రీప్: వేలు లాగుతున్నా తుపాకీ పేలకుండా ట్రిగ్గర్ మెల్లగా జరుగుతూ ఉండటం. ఎప్పుడు పేలుతుందో అంచనా దొరకదు.

గరుకుదనం: జరిగే దారిలో ఇసుక రేణువులు ఉన్నట్టు, ఆగి ఆగి కదలడం.

బ్రేక్: సియర్ జారే ఆ క్షణం. మంచి ట్రిగ్గర్‌లో ఇది గాజు పుల్ల విరిగినట్టు టక్కున ఉంటుందని షూటర్లు అంటారు.

ఓవర్‌ట్రావెల్: పిన్ వదిలేశాక కూడా ట్రిగ్గర్ ఇంకా వెనక్కి వెళ్లడం. ఇది ఎక్కువైతే వేలు ఒక్కసారిగా వెనక్కి పోయి గురి కదులుతుంది.

ఇక సింగిల్ స్టేజ్, టూ స్టేజ్ అని రెండు రకాల ట్రిగ్గర్లు ఉన్నాయి. టూ స్టేజ్‌లో మొదట కొంత దూరం తేలిగ్గా వస్తుంది, ఆ తర్వాత గోడ తగిలినట్టు ఆగుతుంది, అక్కడి నుంచి ఇంకాస్త లాగితే పేలుతుంది. మౌజర్ 98, లీ ఎన్‌ఫీల్డ్ లాంటి పాత సైనిక రైఫిళ్లలో ఉన్నది ఈ రకమే. మొదటిసారి పట్టుకున్నవాళ్లు దీన్ని చూసి "ట్రిగ్గర్ వదులుగా ఉంది" అనుకుంటారు. అది లోపం కాదు, తయారీయే అలా ఉంటుంది.

ఎంత బరువు ఉంటే ఎక్కువ? ఎంతైతే తక్కువ?

అమెరికాలో అమ్మే మామూలు వేట రైఫిళ్లలో కంపెనీ ట్రిగ్గర్ 4 నుంచి 6 పౌండ్ల దాకా ఉండటం మామూలే. 5 పౌండ్లంటే రెండుంపావు కిలోలు. రెండు లీటర్ల వాటర్ బాటిల్‌ను ఒక్క చూపుడు వేలితో ఎత్తినంత. రైఫిల్ మొత్తం బరువు ఉండేది ఏడెనిమిది పౌండ్లు. అంత తేలికైన వస్తువును కదలకుండా పట్టుకుని, దాని బరువులో సగానికి మించిన బలం ఒక వేలితో పెట్టాలి. గురి కదలకపోతేనే ఆశ్చర్యం.

అందుకే చాలామంది వేటగాళ్లు రెండున్నర నుంచి మూడున్నర పౌండ్ల మధ్య ట్రిగ్గర్‌ను ఇష్టపడతారు. బల్ల మీద తుపాకీ ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో అయితే కొన్ని ఔన్సుల ట్రిగ్గర్లు కూడా వాడతారు. కానీ అవి రేంజ్‌లో, గురిపెట్టాకే తూటా పెట్టే చోట పనికొస్తాయి. అడవిలో, చలికి గ్లోవ్స్ వేసుకుని, భుజాన తగిలించుకుని నడిచే రైఫిల్‌కి అంత తేలిక ట్రిగ్గర్ ప్రమాదం.

ఒలింపిక్స్ రూల్స్ చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలి. 25 మీటర్ల పిస్టల్‌కు కనీసం 1000 గ్రాములు. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు కనీసం 1500 గ్రాములు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు మాత్రం కనీస పరిమితి లేదు.

అంటే 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన ఈవెంట్‌లో ట్రిగ్గర్ ఎంత తేలికైనా ఉండొచ్చు. 2024 పారిస్‌లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ దిగిన 25 మీటర్ల పిస్టల్‌లో మాత్రం కనీసం కిలో బరువు ఆగాలి. పోటీకి ముందు అధికారులు తుపాకీని నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు ఆ బరువు తగిలించి పైకెత్తి చూస్తారు. ట్రిగ్గర్ విడిపోకుండా బరువు లేవాలి, లేకపోతే ఆ పిస్టల్‌తో కాల్చనివ్వరు.

కంపెనీలు కావాలనే గట్టిగా ఎందుకు ఇస్తాయి?

దీనికి మూడు కారణాలు. మొదటిది భద్రత. అమెరికా తుపాకీ పరిశ్రమ ప్రమాణాల సంస్థ సామీ కింద పడేసే పరీక్షలు పెట్టింది. నాలుగడుగుల ఎత్తు నుంచి రబ్బరు మ్యాట్ మీద వేర్వేరు కోణాల్లో పడేసినా తుపాకీ పేలకూడదు. సియర్ దగ్గర పట్టు ఎక్కువగా, స్ప్రింగ్ గట్టిగా ఉంటే ఈ పరీక్ష తేలిగ్గా దాటుతుంది.

రెండోది ఖర్చు. లక్షల సంఖ్యలో తయారయ్యే రైఫిళ్లలో ప్రతి ముక్కనూ విడిగా నునుపు చేయడం కుదరదు. ముక్కల కొలతల్లో కొద్దిపాటి తేడాలు వస్తాయి. ఏ రెండు ముక్కలు కలిసినా సేఫ్‌గా ఉండేలా పట్టును కాస్త ఎక్కువే ఇస్తారు.

మూడోది కోర్టు కేసులు. ట్రిగ్గర్ గట్టిగా ఉందని ఎవరూ కేసు వేయరు. తేలిగ్గా ఉండి దానంతట అదే పేలితే మాత్రం కంపెనీ పునాదులే కదులుతాయి. అమెరికా షూటర్లు ఇలాంటి గట్టి ట్రిగ్గర్లకు పెట్టిన ముద్దుపేరే "లాయర్ ట్రిగ్గర్".

రెమింగ్టన్ 700: ఒక ట్రిగ్గర్ ఎంత దూరం తీసుకెళ్లింది?

ఈ విషయంలో అమెరికా మర్చిపోలేని కథ రెమింగ్టన్ మోడల్ 700ది. 1962లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ రైఫిల్ ఆ దేశంలో బాగా అమ్ముడైన బోల్ట్ యాక్షన్ రైఫిళ్లలో ఒకటి. అందులోని ట్రిగ్గర్‌ను కంపెనీ ఇంజినీర్ మైక్ వాకర్ 1940ల్లోనే రూపొందించారు. ఆయన పేరు మీదే దాన్ని వాకర్ ట్రిగ్గర్ అంటారు. ఫీల్ విషయంలో అప్పట్లో దానికి మంచి పేరు. బ్రేక్ టక్కున ఉండేది.

ఆ టక్కుమనే బ్రేక్ కోసం ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య కనెక్టర్ అనే చిన్న విడి ముక్క పెట్టారు. అది ట్రిగ్గర్‌కు అతికించి ఉండదు, స్ప్రింగ్ ఒత్తిడితో ఆనుకుని ఉంటుంది. ఈ రెంటి మధ్య దుమ్ము గానీ, తుప్పు గానీ, గట్టిపడ్డ నూనె గానీ చేరితే కనెక్టర్ తన చోటికి పూర్తిగా తిరిగి రాకపోవచ్చని, అప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండానే తుపాకీ పేలవచ్చని బాధితుల తరఫు నిపుణులు కోర్టుల్లో వాదించారు.

2000 అక్టోబరులో మోంటానాలో ఒక కుటుంబం వేటకు వెళ్లింది. తిరిగొచ్చాక తల్లి రైఫిల్‌లో తూటాలు తీసేయడానికి సేఫ్టీని పక్కకు జరిపారు. అంతే, తుపాకీ పేలింది. తూటా గుర్రాలను తీసుకెళ్లే ట్రైలర్‌ను చీల్చుకుంటూ వెళ్లి, అవతల ఉన్న ఆమె 9 ఏళ్ల కొడుకు ప్రాణం తీసింది. ట్రిగ్గర్ మీద తన వేలు లేదని ఆమె చెప్పారు. ఆ పిల్లాడి తండ్రి ఆ తర్వాత ఏళ్ల తరబడి పత్రాలు సేకరించి పోరాడారు. 2010లో సీఎన్‌బీసీ ఛానెల్ దీని మీద డాక్యుమెంటరీ ప్రసారం చేయడంతో విషయం దేశమంతా చర్చకు వచ్చింది.

కంపెనీ మాత్రం తమ డిజైన్‌లో లోపం లేదనే చెబుతూ వచ్చింది. సరిగ్గా మెయింటెయిన్ చేయకపోవడం, యజమానులే ట్రిగ్గర్‌లో వేలు పెట్టి మార్పులు చేయడం వల్లే ఇలాంటివి జరుగుతున్నాయని వాదించింది. చివరికి సుమారు 75 లక్షల తుపాకులకు సంబంధించిన సెటిల్‌మెంట్ కుదిరింది. చాలా మోడళ్లకు ట్రిగ్గర్ ఉచితంగా మార్చి ఇచ్చేందుకు కంపెనీ ఒప్పుకుంది.

ఇక 2006లో వాకర్ స్థానంలో ఎక్స్-మార్క్ ప్రో అనే కొత్త ట్రిగ్గర్ వచ్చింది. 2014 ఏప్రిల్‌లో దాన్నీ రీకాల్ చేశారు. కారణం వింటే నోరెళ్లబెట్టాలి. ఫ్యాక్టరీలో అసెంబ్లీ సమయంలో వాడే జిగురు లాంటి పదార్థం కొన్నింటిలో ఎక్కువైంది. కొన్ని పరిస్థితుల్లో దానివల్ల తుపాకీ దానంతట అదే పేలే ప్రమాదం ఉందని కంపెనీయే చెప్పింది. యంత్రాలు, కొలత పరికరాలు, టెస్టింగ్ లైన్లు ఉన్న ఫ్యాక్టరీలోనే చిన్న బొట్టు జిగురు ఇంత పని చేసింది. ఇంట్లో రాయితో రుద్దేటప్పుడు ఎంత అరిగిందో కొలిచే సాధనం ఎంతమంది దగ్గర ఉంటుంది?

మీ దగ్గర పాత రెమింగ్టన్ ఉంటే మొదట చేయాల్సిన పని ట్రిగ్గర్ మెరుగుపరచడం కాదు. సీరియల్ నంబర్ రీకాల్ పరిధిలో ఉందేమో చూడటం, అందులో ఏ ట్రిగ్గర్ ఉందో గన్‌స్మిత్‌కు, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడికి చూపించడం.

ఇంట్లో సేఫ్‌గా చేసుకోదగ్గవి

ఏ పని మొదలుపెట్టినా ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడాలి. మ్యాగజైన్ తీసేయాలి. బోల్ట్ తెరిచి ఛాంబర్‌ను కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి చూడాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. నల్ల మూతి ఎప్పుడూ మనుషులు లేని దిక్కుకే ఉండాలి.

1. ముందు బరువు కొలవండి. కొక్కెం ఉన్న ట్రిగ్గర్ గేజ్ దొరుకుతుంది. పది సార్లు లాగి చూసి సగటు తీయండి. చాలామంది "6 పౌండ్లు ఉంది" అనుకున్నది కొలిస్తే నాలుగే ఉంటుంది. అలాంటప్పుడు సమస్య బరువు కాదు, గరుకుదనం.

2. శుభ్రం చేయండి. ట్రిగ్గర్ పెట్టెలో ఫ్యాక్టరీ గ్రీజు, పాత నూనె, దుమ్ము, గడ్డి ముక్కలు చేరతాయి. నూనె ఏళ్ల తరబడి ఉంటే బంకలా మారుతుంది. చలిలో ఇంకా గట్టిపడుతుంది. స్టాక్ నుంచి రైఫిల్‌ను విడదీసి, మాన్యువల్ సూచించిన క్లీనర్‌తో ట్రిగ్గర్ పెట్టెను కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఈ క్లీనర్లు మంటంటుకునేవి, గాలి ఆడేచోటే వాడాలి. ట్రిగ్గర్ పెట్టెను విప్పాల్సిన పని లేదు.

3. నూనె పోసేయకండి. "గరుకుగా ఉంది కదా, రెండు చుక్కలు వేద్దాం" అనే ఆలోచనే చాలా ట్రిగ్గర్లను పాడుచేస్తుంది. తడి నూనె దుమ్మును లాక్కుంటుంది. బోల్ట్ రైఫిల్ ట్రిగ్గర్లు తయారుచేసే చాలా కంపెనీలు లోపల నూనె వద్దనే చెబుతాయి. ఏఆర్-15 రకం తుపాకుల్లో మాత్రం హ్యామర్, సియర్ ఆనుకునే చోట కొద్దిగా గ్రీజు పెట్టమంటారు. మీ మోడల్‌కు ఏది వర్తిస్తుందో మాన్యువల్లో ఉంటుంది.

4. రుద్దుకుంటోందేమో చూడండి. ట్రిగ్గర్ పక్కలు కింది గార్డుకు గానీ, స్టాక్‌లోని చెక్కకు గానీ తగులుతుంటే లోపల అంతా బాగున్నా వేలికి గరుకుగానే తెలుస్తుంది. తగిలిన చోట గీత పడి ఉంటుంది. స్టాక్ స్క్రూలు కంపెనీ చెప్పిన బిగువులోనే ఉండాలి.

5. కంపెనీ ఇచ్చిన స్క్రూను వాడండి. ఈ మధ్య వచ్చిన చాలా రైఫిళ్లలో బరువు తగ్గించుకునే స్క్రూ ఉంటుంది. రూగర్ అమెరికన్ ట్రిగ్గర్‌ను 3 నుంచి 5 పౌండ్ల మధ్య మార్చుకోవచ్చు. ఫిన్లాండ్ కంపెనీ టిక్కా టీ3 రైఫిళ్లలో 2 నుంచి 4 పౌండ్ల దాకా. సావేజ్ కంపెనీ 2000ల తొలి ఏళ్లలో తెచ్చిన ఆక్యుట్రిగ్గర్ మొత్తం మార్కెట్‌నే మార్చేసింది. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి బ్లేడు పెట్టారు. వేలు ఆ బ్లేడును నొక్కకుండా సియర్ జారినా పిన్ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే బరువు తగ్గించుకునే వీలు ధైర్యంగా యజమానికే ఇచ్చారు.

మాన్యువల్లో ఉన్న స్క్రూ, మాన్యువల్లో ఉన్న పరిధి.. ఇంతే. రంగు గానీ, సీలు గానీ వేసి మూసిన స్క్రూ కనిపిస్తే అది మీ కోసం కాదు. ఫ్యాక్టరీలో సియర్ పట్టును ఒకసారి సరిచేసి మూసేశారని అర్థం.

మార్చాక ఈ పరీక్షలు తప్పనిసరి

స్క్రూ సగం చుట్టు తిప్పినా సరే, ఖాళీ తుపాకీతో ఇవన్నీ చేయాలి. ఒక్కోటి కనీసం పది సార్లు.

మొదటిది: బోల్ట్‌ను గట్టిగా, వేగంగా తోసి మూయాలి. పిన్ పడకూడదు.

రెండోది: సేఫ్టీ వేసి ట్రిగ్గర్‌ను గట్టిగా లాగి వదలాలి. ఆ తర్వాత వేలు దూరంగా పెట్టి సేఫ్టీ తీయాలి. అప్పుడూ పిన్ పడకూడదు. మోంటానా ఘటనలో తుపాకీ పేలింది సరిగ్గా సేఫ్టీ తీసిన క్షణంలోనే అన్నది గుర్తుంచుకోండి.

మూడోది: సేఫ్టీ తీసి ఉంచి, బట్ చివరను మందపాటి రబ్బరు మ్యాట్ మీద అడుగు ఎత్తు నుంచి కొట్టాలి. రబ్బరు సుత్తితో పక్కల నుంచీ తట్టాలి. క్లిక్ మన్నదంటే పట్టు చాల్లేదు.

ఏ ఒక్క పరీక్షలో ఒక్కసారి పిన్ పడినా స్క్రూను పాత చోటికి తేవాలి. అయినా పడుతుంటే ఆ రైఫిల్‌లో తూటా పెట్టకూడదు. "తొమ్మిది సార్లు బాగానే ఉందిగా" అన్న మాట ఇక్కడ చెల్లదు.

అస్సలు ముట్టుకోకూడనివి

సియర్‌ను గానీ, ట్రిగ్గర్ మెట్టును గానీ రాయితో, సాండ్‌పేపర్‌తో రుద్దడం మొదటిది. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ఆ ముక్కలు ఒకదాన్నొకటి ఆనుకునే కోణం ఒక్క డిగ్రీ అటూఇటూ అయినా సియర్ నిలబడటానికి బదులు జారడానికే చూస్తుంది. రెండోది కంటికి కనపడదు. చాలా తుపాకుల్లో ఈ ముక్కలకు పైపొర మాత్రమే గట్టిగా ఉండేలా వేడిచేసి తయారుచేస్తారు. లోపలి ఇనుము మెత్తన. రాయితో ఆ పొర పోతే మొదటి రోజు ట్రిగ్గర్ అద్భుతంగా ఉంటుంది. కొన్ని వందల రౌండ్లయ్యాక మెత్తటి ఇనుము అరిగి, ఒకరోజు చెప్పకుండా జారిపోతుంది. వీడియో తీసేది మొదటి రోజే కాబట్టి ఆ తర్వాతి సంగతి అందులో ఉండదు.

స్ప్రింగ్‌ను కత్తిరించడం, వంచడం రెండోది. ట్రిగ్గర్ స్ప్రింగ్ పని వేలికి ఎదురు నిలవడమే కాదు, ట్రిగ్గర్‌ను మళ్లీ తన చోటికి తీసుకురావడం కూడా. అది బలహీనమైతే దుమ్ము పడ్డ రోజున ట్రిగ్గర్ సగంలోనే ఆగిపోతుంది. హ్యామర్ స్ప్రింగ్ కత్తిరిస్తే దెబ్బ చాలక తూటా పేలకపోవచ్చు.

సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. లోపలి కొక్కేలు అరిగితే ఒకసారి లాగితే రెండు తూటాలు వెళ్లే పరిస్థితి వస్తుంది. భుజానికి ఆనించినవాళ్లు ఊహించని రెండో తూటా ఎక్కడికి పోతుందో చెప్పలేం. పైగా ఒక్కసారి ట్రిగ్గర్ లాగితే ఒకటి కంటే ఎక్కువ తూటాలు పేల్చే ఆయుధాన్ని అమెరికా ఫెడరల్ చట్టం మెషీన్ గన్‌గా చూస్తుంది. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ పరిధిలోకి వస్తుంది. అలాంటి తుపాకీని వెంటనే పక్కన పెట్టి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మొత్తం ట్రిగ్గర్ మార్చేస్తే?

స్క్రూ లేని రైఫిల్ అయితే ఇదే మంచి దారి. టిమ్నీ, ట్రిగ్గర్‌టెక్ లాంటి కంపెనీలు ఫ్యాక్టరీలోనే కోణాలు సరిచేసి, పరీక్షించిన ట్రిగ్గర్ పెట్టెలు అమ్ముతాయి. ట్రిగ్గర్‌టెక్ డిజైన్‌లో సియర్‌కు, ట్రిగ్గర్‌కు మధ్య చిన్న రోలర్ తిరుగుతుంది. రాపిడి తగ్గుతుంది కాబట్టి సియర్ పట్టు తగ్గించకుండానే క్రీప్ పోతుంది. రూగర్ తన 10/22 రైఫిల్ కోసం తానే బీఎక్స్ ట్రిగ్గర్ అని రెండున్నర నుంచి మూడు పౌండ్ల యూనిట్ అమ్ముతోంది. 10/22 మామూలు ట్రిగ్గర్ దానికి రెట్టింపు దాకా ఉంటుంది.

కొత్త ట్రిగ్గర్ పెట్టాక సేఫ్టీ సరిగ్గా కూర్చుందో లేదో చూడటం ముఖ్యం. పైన చెప్పిన మూడు పరీక్షలూ దీనికీ వర్తిస్తాయి. చేతి పని మీద నమ్మకం లేకపోతే గన్‌స్మిత్‌తో పెట్టించుకోవడం మేలు.

అన్నిటికంటే చవక మార్గం: వేలు

చాలామంది అనుభవజ్ఞులు కొత్త షూటర్‌కు చెప్పే మాట ఒక్కటే. ట్రిగ్గర్ మార్చే ముందు ఒక నెల ఖాళీ తుపాకీతో ప్రాక్టీస్ చేయమని. దీన్నే డ్రై ఫైర్ అంటారు. గోడ మీద చిన్న చుక్కకు గురిపెట్టి, చుక్క కదలకుండా ట్రిగ్గర్ లాగాలి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఉండాలి. లాగితే నేరుగా వెనక్కి రావాలి, పక్కకు కాదు. ఒలింపిక్ షూటర్లు కూడా రోజూ తూటా లేకుండానే గంటల తరబడి ఈ సాధన చేస్తారు.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఒకదాన్నొకటి రాసుకునే ముక్కలు వాడకంతో వాటంతట అవే కాస్త నునుపెక్కుతాయి. రాయితో కోణం మారిపోయే భయం ఇందులో ఉండదు.

అయితే అన్ని తుపాకులకూ ఇది పనికిరాదు. ఆధునిక సెంటర్‌ఫైర్ రైఫిళ్లు చాలావరకు తట్టుకుంటాయి. కొన్ని .22 రిమ్‌ఫైర్ తుపాకుల్లో పిన్ వెళ్లి ఛాంబర్ అంచును కొట్టి పాడుచేస్తుంది. వాటికి స్నాప్ క్యాప్ అనే డమ్మీ తూటా పెట్టాలి. స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్‌గన్‌ను పెల్లెట్ లేకుండా అస్సలు కాల్చకూడదు. ఎదురొత్తిడి లేక పిస్టన్ నేరుగా గోడకు కొట్టుకుని పాడవుతుంది.

మన దగ్గర చట్టం ఏం చెబుతోంది?

అమెరికా వీడియో చూసి ఇక్కడ అదే పని చేద్దామనుకుంటే కుదరదు. ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 ప్రకారం తుపాకుల తయారీ, అమ్మకమే కాదు, మార్పులు చేయడం, రిపేరు చేయడం, పరీక్షించడం కూడా దానికి ప్రత్యేక లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి. తుపాకీ పెట్టుకునే లైసెన్స్ వేరు, రిపేరు లైసెన్స్ వేరు. 2019 సవరణ తర్వాత ఈ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే శిక్ష కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. కాబట్టి లైసెన్స్ తుపాకీ ట్రిగ్గర్ బాలేకపోతే లైసెన్స్ ఉన్న ఆర్మరీ డీలర్ దగ్గరికే తీసుకెళ్లాలి.

.177 బోర్ దాటకుండా, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిళ్లకు మాత్రం ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. మన ఊళ్లలో కోతులను బెదరగొట్టడానికి పొలాల దగ్గర కనిపించేవి ఎక్కువగా ఇవే. బొమ్మ తుపాకీలా వాడేస్తుంటారు గానీ వీటి ట్రిగ్గర్‌తోనూ జాగ్రత్త అవసరం. గొట్టం మడిచి లోడ్ చేసే ఎయిర్‌గన్‌లో పెల్లెట్ పెట్టేటప్పుడు ఒక చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. అరిగిన ట్రిగ్గర్ ఆ సమయంలో జారితే గొట్టం ఒక్కసారిగా పైకి లేచి వేళ్లు నలిగిపోతాయి.

మీకూ ఈ డౌట్లు ఉన్నాయా?

*ట్రిగ్గర్ ఎంత తేలిగ్గా ఉంటే గురి అంత బాగుంటుందా?* కొంతవరకే. మూడు పౌండ్ల దగ్గర శుభ్రంగా విడిపోయే ట్రిగ్గర్, రెండు పౌండ్ల దగ్గర గరుకుగా జరిగేదానికంటే మంచి గురినిస్తుంది. ఎప్పుడు పేలుతుందో ప్రతిసారీ ఒకేలా తెలియడమే ముఖ్యం.

*సెకండ్ హ్యాండ్ రైఫిల్ ట్రిగ్గర్ చాలా స్మూత్‌గా ఉంది. మంచిదేనా?* వెంటనే సంబరపడొద్దు. కంపెనీ చెప్పిన కనీస బరువు కంటే తక్కువ ఉంటే పాత యజమాని లోపల చేయి పెట్టాడనే అనుమానించాలి. మూడు పరీక్షలూ చేశాకే రేంజ్‌కి తీసుకెళ్లాలి.

*సేఫ్టీ ఉంటుంది కదా, ట్రిగ్గర్ కాస్త తేలికైతే ఏమవుతుంది?* కొన్ని రైఫిళ్లలో సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే, పిన్‌ను కాదు. సియర్ పట్టు తప్పితే ఆ సేఫ్టీ ఉన్నా లేనట్టే. మీ రైఫిల్ సేఫ్టీ దేన్ని ఆపుతుందో మాన్యువల్లోని బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. ముందు ఆ పేజీ తెరవండి, స్క్రూడ్రైవర్ తర్వాత.